కుడికి తిరగమంటున్నది ఎవరు?

ఫోన్‌లో దారి చెప్పే గొంతుకు మనం రూపాయి కూడా ఇవ్వం. ఆ గొంతు నిజం చెప్పాలంటే ఎంతమంది ఎంత పని చేయాలో, ఆ పని ఎక్కడ ఆగిపోతోందో చూద్దాం.

2019 అక్టోబరు చివర్లో ఐఫోన్ 5 వాడుతున్నవాళ్లకు యాపిల్ ఒక హెచ్చరిక పంపింది. నవంబరు 3లోగా ఫోన్ సాఫ్ట్‌వేర్‌ను 10.3.4కు అప్‌డేట్ చేసుకోవాలి. లేదంటే జీపీఎస్ సరిగ్గా పనిచేయదు, ఈమెయిల్ రాదు, వెబ్‌సైట్లు, యాప్ స్టోర్ తెరుచుకోవు. గడువు దాటాక ఫోన్‌లోంచే అప్‌డేట్ చేసుకుందామన్నా కుదరదు, కంప్యూటర్‌కు కలిపి చేసుకోవాల్సిందే. ఆ ఫోన్ బజారులోకి వచ్చి అప్పటికి ఏడేళ్లు. మన ఇళ్లలో అయితే అంత పాత ఫోన్ అమ్మ చేతిలోనో నాన్న చేతిలోనో ఉంటుంది. ఇలాంటి హెచ్చరికలు చదవకుండానే పక్కకు తోసేసేది కూడా వాళ్లే.

పాత ఫోన్‌కు అంత ఖచ్చితమైన గడువు ఎందుకు వచ్చిందంటే, జీపీఎస్ ఉపగ్రహాలు కాలాన్ని వారాల్లో లెక్కపెడతాయి. 1980 జనవరి 6న మొదలైన ఆ లెక్కకు మొదట్లో కేటాయించిన చోటు చాలా తక్కువ. 1,023 వారాలు దాటాక, పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ అయిపోయి మళ్లీ సున్నాలకు వచ్చినట్టు, వారం సంఖ్య సున్నాకు తిరిగొస్తుంది. సుమారు 19 ఏళ్ల ఏడు నెలలకోసారి ఇలా జరుగుతుంది. 1999 ఆగస్టులో జరిగింది, 2019 ఏప్రిల్‌లో జరిగింది, 2038 నవంబరులో మళ్లీ జరుగుతుంది. ఈ మలుపు సంగతి తెలియని రిసీవరు తాను ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాననుకుంటుంది. లోపలి సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి లెక్క మొదలుపెట్టిందన్నదాన్ని బట్టి కొన్ని పరికరాల్లో ఈ తేడా ఆలస్యంగా బయటపడింది. ఐఫోన్ 5 విషయంలో ఆ రోజు నవంబరు 3.

తేదీ తప్పితే చోటెందుకు తప్పుతుందో తెలిస్తే ఈ వ్యవస్థ మొత్తం అర్థమవుతుంది. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహం చెప్పేది రెండే మాటలు: తాను ఎక్కడుందో, తన గడియారంలో వేళ ఎంతో. ఫోన్ కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని, ఏ సంకేతం ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, ఆ ఆలస్యాల్లోంచి తన చోటు లెక్కగడుతుంది. కాబట్టి వేళ తప్పితే చోటూ తప్పుతుంది. మన ఫోన్ ఉన్నట్టు ఉపగ్రహానికి తెలియదు. రోడ్డు, వంతెన, వాగు లాంటివి దాని లెక్కలోనే లేవు. కారు చెరువులోకి వెళ్లినప్పుడు ‘శాటిలైట్ తప్పు చూపించింది’ అనేస్తుంటాం. ఉపగ్రహం మన చోటు దాదాపు సరిగ్గానే చెప్పి ఉంటుంది. అక్కడ రోడ్డు ఉందని చెప్పింది మ్యాప్. ఆ మ్యాప్‌ను చివరిసారి సరిదిద్దింది ఎవరు, ఎప్పుడు అన్నదే అడగాల్సిన ప్రశ్న.

వంద డాలర్ల దారి ఉచితమైన రోజు

జీపీఎస్ అమెరికా సైన్యం కోసం పుట్టింది. సామాన్యులు వాడుకునే సంకేతాన్ని ఆ దేశం చాలాకాలం కావాలనే చెడగొట్టి వదిలేది. చోటు వంద మీటర్ల వరకు అటూ ఇటూ చూపేది. అలాంటి పరికరంతో ఏ సందులో ఉన్నామో ఎలా తెలుస్తుంది? 2000 మే 1న అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ అడ్డు తీసేయించారు. ఆ రాత్రి దాటేసరికి ప్రపంచంలోని జీపీఎస్ పరికరాలన్నీ పది, ఇరవై మీటర్ల తేడాతో చోటు చెప్పడం మొదలుపెట్టాయి. ఎవరూ ఏమీ కొనలేదు, ఏమీ మార్చలేదు.

ఆ తర్వాత దశాబ్దమంతా దారి చెప్పే పెట్టెల కాలం. గార్మిన్, టామ్‌టామ్ పెట్టెలను కారు అద్దానికి అతికించుకునేవాళ్లు. మన దేశంలో ఢిల్లీ నుంచి మ్యాప్‌మైఇండియా, హైదరాబాద్ నుంచి సాట్‌గైడ్ ఈ రంగంలోకి దిగాయి. పెట్టె కొనాలి, మ్యాప్ కొనాలి, కొత్త రోడ్లు కావాలంటే కొత్త మ్యాప్‌కు మళ్లీ డబ్బు కట్టాలి. రోడ్ల సమాచారమే అసలు ఆస్తి అని పెద్ద కంపెనీలకు అప్పటికే తెలిసిపోయింది. నోకియా 810 కోట్ల డాలర్లు పోసి నావ్‌టెక్‌ను కొనుక్కుంది, టామ్‌టామ్ 290 కోట్ల యూరోలతో టెలి అట్లాస్‌ను సొంతం చేసుకుంది. ఈ రెండు బేరాలూ 2008లోనే ముగిశాయి. 2009 ఆగస్టులో ఐఫోన్ కోసం టామ్‌టామ్ తెచ్చిన నావిగేషన్ యాప్ ధర అమెరికాలో వంద డాలర్లు.

రెండు నెలలు తిరిగేసరికి, 2009 అక్టోబరు 28న గూగుల్ ఒక ప్రకటన చేసింది. ఆండ్రాయిడ్ 2.0తో వచ్చే ఫోన్లలో మలుపు మలుపుకీ నోటితో దారి చెప్పే నావిగేషన్ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. మొదటి ఫోన్ మోటరోలా డ్రాయిడ్. ఆ ఒక్క రోజులో గార్మిన్ షేరు దాదాపు 16 శాతం, టామ్‌టామ్ షేరు దాదాపు 21 శాతం పడిపోయాయి. ఉపగ్రహాలు అవే, రోడ్లు అవే. ఒక ఫోన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ మాత్రమే బయటకొచ్చింది.

మన పాఠకులకు దగ్గరి సంగతి నోకియాది. దాన్ని గుర్తుచేసుకోవాల్సినంతగా ఎవరూ గుర్తుచేసుకోరని నా బాధ. 2010 జనవరి 21న నోకియా తన ఓవీ మ్యాప్స్‌లో నడకకూ, డ్రైవింగ్‌కూ నావిగేషన్‌ను ఉచితం చేసింది. 74 దేశాల్లో, 46 భాషల్లో. అప్పటికి మన దేశంలో 3జీ వేలమే జరగలేదు. ప్రైవేటు కంపెనీల సిమ్ మీద ఇంటర్నెట్ అంటే నత్తనడకే. అప్పటి గూగుల్ పద్ధతి ఇంటర్నెట్ లేకపోతే నడిచేది కాదు. నోకియా పద్ధతిలో దేశం మొత్తం మ్యాప్‌ను కంప్యూటర్ ద్వారా మెమరీ కార్డులోకి ఎక్కించుకుంటే చాలు, సిగ్నల్ లేని ఘాట్ రోడ్డు మీదా దారి పలికేది. గూగుల్ తన మ్యాప్స్‌లో నెట్ లేకుండా నావిగేషన్ ఇచ్చింది 2015 నవంబరులో. దాదాపు ఆరేళ్ల తేడా! నెట్‌వర్క్ సరిగా లేని దేశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఆ పని, ఆ ఫోన్లతోపాటే తెరమరుగైంది.

అప్‌డేట్ చేసుకుంటే ఊరు మాయమైంది

ఐఫోన్‌లో అప్పటిదాకా ఉన్న మ్యాప్ గూగుల్ సమాచారంతో నడిచేది. అందులో నోటితో దారి చెప్పడం లేదు. ఆండ్రాయిడ్‌లో మూడేళ్లుగా ఉన్నది తన ఫోన్‌లో లేకపోవడం యాపిల్‌కు పెద్ద లోటు. 2012 సెప్టెంబరు 19న విడుదలైన ఐఓఎస్ 6తో గూగుల్ మ్యాప్‌ను తీసేసి సొంత మ్యాప్ పెట్టింది. అందులో మలుపు మలుపుకీ దారి చెప్పే సౌకర్యం ఉంది, ఉచితం. పాత ఐఫోన్ 4 ఉన్నవాళ్లకు మాత్రం అప్‌డేట్ వచ్చింది కానీ ఆ సౌకర్యం రాలేదు. చేతిలో ఉన్న మంచి మ్యాప్ పోయింది, వస్తుందన్న గొంతూ రాలేదు.

వచ్చినవాళ్ల పరిస్థితీ గొప్పగా లేదు. వంతెనలు బొమ్మల్లో కరిగి జారిపోయినట్టు కనిపించాయి. డబ్లిన్ శివార్లలో ఎయిర్‌ఫీల్డ్ అనే పేరున్న వ్యవసాయ క్షేత్రాన్ని విమానాశ్రయంగా గుర్తించారు. ఏ పైలట్ అయినా దాన్ని నమ్మి అక్కడ దిగబోతే ఏమవుతుందని ఐర్లండ్ మంత్రి ఒకరు బహిరంగంగానే ఆందోళన చెందారు. సెప్టెంబరు 28న యాపిల్ అధిపతి టిమ్ కుక్ క్షమాపణ లేఖ రాశారు. తమ మ్యాప్ బాగుపడేదాకా పోటీ కంపెనీల మ్యాప్‌లు వాడుకొమ్మని ఆ లేఖలోనే సలహా ఇచ్చారు. తన ఉత్పత్తి పక్కనపెట్టి ఎదుటివాడిది వాడమని అంత పెద్ద కంపెనీ అధిపతి చెప్పడం మామూలు విషయం కాదు. మనిషి ప్రాణంతో ముడిపడిన తప్పని గుర్తించారు కాబట్టే అలా రాశారని నేను నమ్ముతాను.

ఆ ముప్పు డిసెంబరులో ఆస్ట్రేలియాలో కళ్లకు కట్టింది. విక్టోరియా రాష్ట్రంలో మిల్డ్యూరా అనే పట్టణం ఉంది. యాపిల్ మ్యాప్ నమ్మి బయల్దేరినవాళ్లు అసలు పట్టణానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ముర్రే సన్‌సెట్ జాతీయ ఉద్యానవనం నడిమధ్యకు చేరారు. అక్కడ నీళ్లు లేవు, ఫోన్ సిగ్నల్ లేదు, ఎండ 46 డిగ్రీలకు చేరే ప్రాంతం. కొందరు ఇరవై నాలుగు గంటల వరకు తిండీ నీళ్లూ లేక చిక్కుకుపోయారు. ప్రాణాలకే ముప్పని పోలీసులు బహిరంగ ప్రకటన ఇచ్చి ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది.

ఆ తప్పు ఎక్కడ పుట్టిందో చూస్తే సాఫ్ట్‌వేర్ మీద కోపం తగ్గి, సమాచారం మీద శ్రద్ధ పెరుగుతుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ స్థలనామాల పట్టికలో మిల్డ్యూరా పేరుతో రెండు నమోదులున్నాయి. ఒకటి పట్టణం. రెండోది ఆ పేరుతోనే ఉన్న విశాలమైన పాలనా ప్రాంతం, దాని నడిబిందువు ఎడారిలో పడుతుంది. మ్యాప్ ఆ రెండోదాన్ని ఊరనుకుంది. మన దగ్గర ఖమ్మం అంటే పట్టణమూ, జిల్లా కూడా. ఖమ్మం వెళ్లాలన్నవాణ్ని ఎవరైనా జిల్లా నడిబొడ్డున ఏ చేనుగట్టు మీదో దింపేస్తే ఎలా ఉంటుందో అక్కడ అదే జరిగింది. మనిషైతే ఆ తప్పు చేయడు. పట్టిక మాత్రమే చదివిన యంత్రం చేస్తుంది.

డిసెంబరు రెండోవారంలో గూగుల్ మ్యాప్స్ యాప్ ఐఫోన్‌కు తిరిగొచ్చింది, ఈసారి నోటితో దారి చెబుతూ. రెండు రోజుల్లో కోటి మంది దించుకున్నారని గూగుల్ ప్రకటించింది. యాపిల్ ఆ తర్వాత తన మ్యాప్‌ను ఏళ్ల తరబడి మరమ్మతు చేసుకుంటూ వచ్చింది.

బొమ్మ సెంటర్ దాటాక ఎడమకు

మన ఊళ్లలో దారి చెప్పే పద్ధతి పుట్టుకతోనే వేరు. వీధి పేరు పలకపై ఉన్నా ఎవరూ వాడరు. అంబేడ్కర్ బొమ్మ దగ్గర ఎడమకు తిరిగి, వాటర్ ట్యాంక్ దాటి, ఆంజనేయస్వామి గుడి ఎదురు సందు అంటాం. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ఎవరిని అడిగినా చిరునామా అంటే పిల్లర్ నంబరే. మెట్రో వచ్చాక నగరంలో సగం దుకాణాల బోర్డుల మీద అదే పద్ధతి. 2009 డిసెంబరులో గూగుల్ ఇండియా మ్యాప్స్ ఈ అలవాటును అందిపుచ్చుకుని, వీధి పేర్లకు తోడు గుర్తులతో దారి చెప్పడం మొదలుపెట్టింది. దాని వెనుక మన జనం దారి ఎలా అడుగుతారో, ఎలా చెబుతారో గమనించిన పరిశోధన ఉంది.

అంతకన్నా ముందు ఇంకో పెద్ద పని జరిగింది. రోడ్ల సమాచారం కొనుక్కునే చోట అమ్మేవాళ్లుంటారు. మన పల్లెలకూ, చిన్న పట్టణాలకూ అమ్మేంత సమాచారమే లేదు. 2008లో గూగుల్ మ్యాప్ మేకర్ అనే ఉపకరణాన్ని తెచ్చింది. ఎవరి ఊరి రోడ్లు వాళ్లే ఉపగ్రహ చిత్రం మీద గీసి, పేర్లు పెట్టి, ఒకరివి ఒకరు సరిచూసుకునే ఏర్పాటు అది. దాన్ని రూపొందించినవాళ్లలో ముఖ్యుడు భారత్‌లో గూగుల్ ఇంజినీరుగా పనిచేసిన లలితేష్ కట్రగడ్డ. మ్యాప్ లేని దేశాల్లో తుపాను వస్తే సాయం చేయడానికి దారి కూడా దొరకదన్న ఆవేదన ఆయన మాటల్లో వినిపించేది. లక్షల కిలోమీటర్ల దారులను గీసింది ఊరి కుర్రాళ్లు, టీచర్లు, తీరిక ఉన్న ఉద్యోగులు. డబ్బు తీసుకోకుండా గీశారు. 2017 మార్చి 31న మ్యాప్ మేకర్‌ను మూసేశారు. గీసిన రోడ్లు మాత్రం గూగుల్ మ్యాప్‌లో కలిసిపోయాయి. ఇదే పనిని లాభాపేక్ష లేకుండా, అందరి ఆస్తిగా నడిపేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో బ్రిటన్‌లో పుట్టింది. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ యాప్‌లు దాని మీదే నడుస్తాయి. నెట్ అక్కర్లేదు, ప్రకటనలుండవు. మారేడుమిల్లి, పాడేరు వైపు వెళ్లేవాళ్ల ఫోన్‌లో వీటిలో ఒకటి ఉండాలని గట్టిగా చెబుతాను.

ఆ తర్వాత మన అవసరాలకు తగ్గ మార్పులు ఒక్కొక్కటీ అప్‌డేట్‌ల రూపంలో వచ్చాయి. గొంతుతో దారి చెప్పడం, నగరాల్లో ట్రాఫిక్ చూపడం గూగుల్ మన దేశంలో మొదలుపెట్టింది 2012 సెప్టెంబరులో, ట్రాఫిక్ చూపిన తొలి ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 2017 డిసెంబరులో బైకులకు వేరే దారి చూపే పద్ధతిని ప్రపంచంలో మొదట మన దేశంలోనే తెచ్చారు. 2018 మార్చిలో ఆ గొంతు తెలుగులో మాట్లాడింది. ఇంగ్లిష్ రాని ఆటో డ్రైవరుకు, లారీ డ్రైవరుకు అది ఎంత పెద్ద మార్పో ఏసీ కార్లలో తిరిగేవాళ్లకు తేలిగ్గా తెలియదు. 2021 జనవరిలో ఊళ్ల పేర్లు, దుకాణాల పేర్లు తెలుగు లిపిలో కనిపించసాగాయి. ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద నుంచి పోవాలా అన్న మన నగరాల నిత్య సంశయానికి 2024 జులైలో జవాబు దొరికింది. 40 నగరాల్లో ఫ్లైఓవర్ వచ్చేముందే మ్యాప్ చెప్పసాగింది. కార్లు ఇరుకు సందుల్లో ఇరుక్కోకుండా దారి మళ్లించే పద్ధతి తొలుత వచ్చిన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఉంది.

ఉచితం ఎవరి ఖర్చుతో?

సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్–విజయవాడ రహదారి మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర మ్యాప్‌లో గీత ఎర్రబారుతుంది. ఆ ఎరుపు ఎక్కడినుంచో వచ్చింది కాదు. ఆ వరుసలో నిలబడ్డ కార్లలోని ఫోన్లే, తాము ఎంత నెమ్మదిగా కదులుతున్నామో కంపెనీకి చెబుతున్నాయి. 2020 ఫిబ్రవరిలో బెర్లిన్ కళాకారుడు సైమన్ వెకర్ట్ దీన్ని కళ్లకు కట్టాడు. 99 పాత స్మార్ట్‌ఫోన్లను చిన్న బండిలో వేసుకుని ఖాళీ వీధిలో నెమ్మదిగా లాక్కుంటూ నడిచాడు. మ్యాప్‌లో ఆ వీధి ఎర్రబడింది, వాహనాలు పోవడం లేదని యాప్ నమ్మింది.

రెండు చోట్ల మధ్య దగ్గరి దారి వెతికే లెక్కను డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లోనే ప్రచురించాడు. అది లోకం మొత్తానికి ఉచితం. ఏ దారిలో ఇప్పుడు ఎంతసేపు పడుతుందన్న సమాచారానికే విలువంతా. ఆ సమాచారం మన ప్రయాణమే. మనం రూపాయి కట్టకపోయినా, మ్యాప్‌ను తమ యాప్‌లో వాడుకునే కంపెనీలు కడతాయి. 2024 జులైలో ఓలా తాను గూగుల్ మ్యాప్స్ వదిలేసి సొంత మ్యాప్‌కు మారానని, దానితో ఏడాదికి వంద కోట్ల రూపాయలు మిగులుతున్నాయని చెప్పింది. ఆ నెలలోనే గూగుల్ భారత్‌లో డెవలపర్లకు ధరలను 70 శాతం వరకు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. మన కదలికలతో తయారైన సరుకు మీద ఇంత వ్యాపారం నడుస్తున్నప్పుడు, అందులో తప్పు దొర్లితే సరిదిద్దమని అడిగే హక్కు మనకు పూర్తిగా ఉంది. ఉచితంగా వాడుకుంటున్నాం కదా అని మొహమాటపడాల్సిన పని లేదు.

అప్‌డేట్ అందని చేతులు

అప్‌డేట్ చేస్తే ఫోన్ స్లో అవుతుందని మన ఇళ్లలో ఒక భయం. ఉత్త భయం అని కొట్టేయలేం. బ్యాటరీ పాతబడ్డ ఐఫోన్ల వేగాన్ని ఒక అప్‌డేట్ ద్వారా తగ్గించామని యాపిల్ 2017 డిసెంబరులో స్వయంగా ఒప్పుకుంది. ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండాలనే అలా చేశామంది కానీ, ముందుగా చెప్పకపోవడంతో నమ్మకం దెబ్బతింది. నిజానికి భద్రత కోసం, జీపీఎస్ లెక్కల కోసం, బ్యాంకు యాప్‌ల కోసం అప్‌డేట్ తప్పనిసరి. ఆ మాట చెప్పే కంపెనీకి ఫోన్ యజమానితో నిజాయతీగా ఉండటమూ అంతే తప్పనిసరి.

అసలు అప్‌డేటే రాని ఫోన్ల సంగతి మరీ ఘోరం. ఉచిత నావిగేషన్‌ను లోకానికి పరిచయం చేసిన మోటరోలా డ్రాయిడ్‌నే చూడండి. కంపెనీ దాన్ని ఆండ్రాయిడ్ 2.2 దగ్గర వదిలేసింది. 2021 సెప్టెంబరు 27 నుంచి 2.3.7, అంతకన్నా పాత వెర్షన్ల ఫోన్లలో గూగుల్ ఖాతాతో లాగిన్ కావడమే కుదరకుండా పోయింది. ఇప్పుడిప్పుడే పరిస్థితి మారుతోంది. 2023లో పిక్సెల్ 8కు గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు ముందుకేసింది. అమ్మకం ఆగిపోయాక కూడా కనీసం అయిదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన అక్కడ 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడేళ్ల హామీలు ఖరీదైన ఫోన్లవి. మన దగ్గర భోజనం పార్సిళ్లు మోసేవాడు, క్యాబ్ నడిపేవాడు కొనేది పది పన్నెండు వేల ఫోన్. రోజంతా మ్యాప్ మీదే బతికేది అతనే. యూరప్ నిబంధన లాంటిది మన దేశానికి కావాల్సింది అతని కోసం.

మన సొంత ఉపగ్రహాల మాటకొస్తే, నావిక్ వ్యవస్థలో తొలి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి లేచింది. కొన్ని ఉపగ్రహాల్లోని అణు గడియారాలు పాడయ్యాయి. స్వదేశీ గడియారంతో 2023 మే 29న ఎన్‌వీఎస్-01 కక్ష్యలోకి వెళ్లింది. ఫోన్లలో ఎక్కువగా వాడే ఎల్1 సంకేతాన్ని ఇవ్వడం దాని ప్రత్యేకత. 2025 జనవరిలో దాని తర్వాతిది ఉద్దేశించిన కక్ష్యకు చేరలేదు. ఉపగ్రహం బాగుంటే చోటు ఇంకా బాగా తెలుస్తుంది. రోడ్డు ఉందో లేదో తెలియడానికి మాత్రం ఆకాశంలో ఎవరూ సాయపడరు.

వంతెన మ్యాప్‌లో ఉంది, నేలమీద లేదు

2024 నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ, బదాయూఁ జిల్లాల మధ్య రామ్‌గంగ నది మీది వంతెన మీదుగా వెళ్తున్న కారు నదిలో పడి ముగ్గురు చనిపోయారు. ఆ ఏడాది వరదల్లో వంతెన ముందు భాగం కొట్టుకుపోయింది. నావిగేషన్‌లో ఆ మార్పు చేరలేదని, వంతెన దగ్గర అడ్డుగా బారికేడ్లు కూడా లేవని పోలీసులు చెప్పారు. ప్రజాపనుల శాఖ ఇంజినీర్లు నలుగురి మీద, పేరు తెలియని గూగుల్ మ్యాప్స్ అధికారి మీద కేసు పెట్టారు. అదే ఏడాది మే చివర్లో హైదరాబాద్ నుంచి కేరళ వెళ్లిన నలుగురు, అలప్పుళ దారిలో కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర మ్యాప్ చూసుకుంటూ పోయి పొంగిన కాలువలోకి దిగిపోయారు. వానకు రోడ్డు మీద నీళ్లు నిలిచి రోడ్డేదో కాలువేదో తెలియలేదు. పోలీసులు, స్థానికులు కాపాడారు. కారు మునిగిపోయింది.

ఒక వంతెన తెగితే కంపెనీకి ఎలా తెలుస్తుంది? నగరంలో అయితే ఆ దారిలో ఒక్కసారిగా ఫోన్లు కదలడం మానేస్తాయి, దాన్ని యంత్రం పసిగడుతుంది. పల్లె రోడ్డు మీద రాత్రి పూట మామూలుగానే ఒక్క ఫోన్ కదలదు. రోడ్డు తెగి ఎవరూ రాలేదా, ఎవరికీ పని లేక రాలేదా అన్నది లెక్కకు అందదు. కాబట్టి ఈ సమాచారం మనిషే చెప్పాలి. ఆ దారిన వెళ్లినవాళ్లు యాప్‌లో రోడ్డు మూసి ఉందని నమోదు చేయొచ్చు, చేయాలి కూడా. అయినా మొదటి బాధ్యత వంతెనను కట్టిన శాఖది, దాన్ని మూసిన అధికారిది. తెగిన వంతెన ముందు కర్ర అడ్డం పెట్టని శాఖను వదిలేసి మ్యాప్ ఒక్కదాన్నే తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. ప్రభుత్వం చెప్పినా సరిదిద్దని కంపెనీ ఉంటే, దాన్నీ అంతే గట్టిగా నిలదీయాలి.

ఇది తీరని సమస్య కూడా కాదు. దారి చెప్పే యాప్ నడిపే వేజ్ సంస్థ 2014 నుంచి నగరపాలక సంస్థలతో సమాచారం ఇచ్చిపుచ్చుకుంటోంది. మూసిన రోడ్ల వివరాలు వాళ్లిస్తారు, ప్రమాదాలు, గుంతల వివరాలు యాప్ ఇస్తుంది. అమెరికా రవాణా శాఖ వర్క్ జోన్ డేటా ఎక్స్ఛేంజ్ పేరుతో ఒక ఉమ్మడి పద్ధతి తయారుచేసింది. రోడ్డు పనులు జరిగేచోట వివరాలను రాష్ట్రాలు అదే రూపంలో బహిరంగంగా పెడతాయి, ఏ మ్యాప్ కంపెనీ అయినా తీసుకోవచ్చు. సాంకేతిక బలం మనకు తక్కువా? తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి 2025లో డిజిపిన్ తెచ్చింది. దేశంలోని ప్రతి నాలుగు మీటర్ల చదరానికీ పది అక్షరాల గుర్తు ఉంది. ఏ వాగు మీది ఏ వంతెన అన్నది ఇంతకన్నా ఖచ్చితంగా చెప్పే పద్ధతి ఇంకేం కావాలి?

వానాకాలంలో భద్రాద్రి, ములుగు, అల్లూరి జిల్లాల్లో లోలెవెల్ వంతెనల మీద నీళ్లు పారుతుంటాయి. మూసీ పొంగితే హైదరాబాద్‌లోనే దారులు మూస్తారు. 2022 జులైలో మూసారాంబాగ్ వంతెన, చాదర్‌ఘాట్ చిన్న వంతెన అలాగే మూశారు. రాకపోకలు బందయ్యాయన్న కబురు జిల్లా పేజీలో, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. పొరుగూరి నుంచి వచ్చిన డ్రైవరు ఆ గ్రూపులో ఉండడు, అతని చేతిలో ఉన్నది మ్యాపే. రెండు రాష్ట్రాల రోడ్లు భవనాల శాఖలు, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగాలు తమ పరిధిలోని లోలెవెల్ వంతెనల జాబితాను అక్షాంశ రేఖాంశాలతో సహా వచ్చే జూన్ లోపే బహిరంగంగా పెట్టొచ్చు. కొత్త చట్టం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. మూసిన వంతెన పక్కన మూసిన వేళ, తెరిచిన వంతెన పక్కన తెరిచిన వేళ నమోదు చేసే ఉద్యోగి మండలానికొకరు ఉంటే చాలు.